ఎగువ అయనోస్ఫియర్‌లో ఎలక్ట్రాన్ సాంద్రత, ఉష్ణోగ్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

అయనోస్ఫియర్ గురించి చదవడం మొదలుపెట్టిన వాళ్ళకి త్వరగానే ఎదురయ్యే మాట ఒకటుంది: ఎలక్ట్రాన్లు ఎక్కువగా ఉన్నచోట వాటి ఉష్ణోగ్రత తక్కువ, తక్కువగా ఉన్నచోట ఎక్కువ. చాలాసార్లు నిజమే. కానీ దీన్ని సూత్రంలా బట్టీ పట్టినవాళ్ళు గ్రహణం నాటి డేటా చూసినా, సూర్యుడు చురుగ్గా ఉన్న ఏడాది గ్రాఫ్ చూసినా తికమకపడతారు. సాంద్రతకీ ఉష్ణోగ్రతకీ మధ్య ఉన్నది వేడి జమాఖర్చు. ఏ సందర్భంలో జమ మారింది, ఏ సందర్భంలో ఖర్చు మారింది అని చూస్తే చాలావరకు చిక్కు విడిపోతుంది. కింది జవాబులన్నీ ఆ వరసలోనే ఉంటాయి.

ప్ర: ఎగువ అయనోస్ఫియర్ అంటే ఎక్కడి నుంచి?

భూమికి సుమారు 60 కిలోమీటర్ల ఎత్తు నుంచి గాలిలో కొంత భాగం అయాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోయి ఉంటుంది. కింది నుంచి పైకి డి, ఇ, ఎఫ్ పొరలు. ఎఫ్ పొరలో పై భాగమైన ఎఫ్2లో, మామూలుగా 250 నుంచి 400 కిలోమీటర్ల మధ్య, ఎలక్ట్రాన్ సాంద్రత గరిష్ఠానికి చేరుతుంది. ఆ శిఖరానికి పైనున్నదే ఎగువ భాగం. అది 1000 కిలోమీటర్లు దాటి, మెల్లగా ప్లాస్మాస్ఫియర్‌లో, అంటే ఇంకా పైనున్న పలచని అయాన్లు, ఎలక్ట్రాన్ల ప్రాంతంలో, కలిసిపోతుంది.

చాలా ఏళ్ళపాటు ఈ భాగం మనకు కనిపించలేదు. నేల మీది అయనోసోండ్ అనే పరికరం పైకి పంపే రేడియో తరంగాలు శిఖరం వరకే పనికొస్తాయి. తక్కువ పౌనఃపున్యం ఉన్నవి శిఖరం లోపే వెనక్కి తిరుగుతాయి, ఎక్కువ ఉన్నవి శిఖరాన్ని దాటి అంతరిక్షంలోకి పోతాయి. 1962 సెప్టెంబరులో కెనడా ఉపగ్రహం అలూయెట్-1 పైనుంచి కిందికి తరంగాలు పంపి చూడడంతో ఈ అడ్డు తొలగింది.

ప్ర: అక్కడ ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత 2000 కెల్విన్లు అంటారు. మరి ఉపగ్రహాలు కరిగిపోవా?

కరగవు. ఉష్ణోగ్రత అంటే ఒక్కో కణానికి సగటున ఎంత గతిశక్తి ఉందో చెప్పే లెక్క. మొత్తం వేడి ఎంతుందో తెలియాలంటే కణాలు ఎన్నో కూడా తెలియాలి. పగటిపూట ఎఫ్2 శిఖరం దగ్గర ఘన మీటరుకు సుమారు లక్ష కోట్ల ఎలక్ట్రాన్లు ఉంటాయి. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ 2000 కెల్విన్ల దగ్గర వాటన్నిటి ఉష్ణశక్తి కలిపితే ఒక జౌల్‌లో సుమారు రెండున్నర కోట్ల వంతే వస్తుంది. అది ఉపగ్రహం తొడుగును వెచ్చబెట్టేది కాదు. ఉపగ్రహాన్ని వేడెక్కించేది నేరుగా పడే ఎండ.

అదే ఒక్కో ఎలక్ట్రాన్ సంగతి చూస్తే, 2000 కెల్విన్ల దగ్గర సగటున సెకనుకు 300 కిలోమీటర్ల వేగంతో పరిగెడుతుంటుంది.

ప్ర: ఒకే చోట ఎలక్ట్రాన్లకు ఒక ఉష్ణోగ్రత, అయాన్లకు ఇంకో ఉష్ణోగ్రత ఎలా సాధ్యం?

బరువు తేడా వల్ల. ఈ ఎత్తుల్లో ప్రధానంగా ఉండే ఆక్సిజన్ అయాన్ ఎలక్ట్రాన్ కంటే సుమారు 29,000 రెట్లు బరువు. అంత బరువైన దాన్ని ఢీకొన్న ఎలక్ట్రాన్ దిశ మారుతుంది తప్ప పెద్దగా శక్తి కోల్పోదు. ఎలక్ట్రాన్లు తమలో తాము ఢీకొన్నప్పుడు మాత్రం శక్తి చకచకా పంచుకుంటాయి. అందుకే ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఒక ఉష్ణోగ్రతకు వస్తాయి, అయాన్లు మరో ఉష్ణోగ్రత దగ్గర ఉంటాయి. విద్యుదావేశం లేని అణువులు, పరమాణువులది మూడో ఉష్ణోగ్రత. పగలు సాధారణంగా ఎలక్ట్రాన్లు అన్నిటికంటే వేడిగా, తర్వాత అయాన్లు, ఆ తర్వాత తటస్థ వాయువు ఉంటాయి.

ప్ర: ఎలక్ట్రాన్లకు ఈ వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

సూర్యుడి తీవ్ర అతినీలలోహిత కిరణాల నుంచి, కాకపోతే ఒక మెట్టు మధ్యలో ఉంది. ఉదాహరణకి సూర్యుడి హీలియం నుంచి వచ్చే 30.4 నానోమీటర్ల కాంతిని తీసుకోండి. అందులో ఒక్కో ఫోటాన్ శక్తి 40.8 ఎలక్ట్రాన్ వోల్టులు. ఆక్సిజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 13.6 చాలు. మిగిలిన 27 వరకు ఆ కొత్త ఎలక్ట్రాన్ పట్టుకుపోవచ్చు. దీన్నే ఫోటోఎలక్ట్రాన్ అంటారు. చుట్టూ ఉన్న మామూలు ఎలక్ట్రాన్ల సగటు శక్తి 2000 కెల్విన్ల దగ్గర పావు ఎలక్ట్రాన్ వోల్టు. అంటే కొత్తగా వచ్చిన ఎలక్ట్రాన్ దగ్గర దాదాపు వంద రెట్లు ఎక్కువ శక్తి ఉంది. దాన్ని తటస్థ పరమాణువులకు కొంత, తోటి ఎలక్ట్రాన్లకు కొంత ఇస్తూ నెమ్మదిస్తుంది. తోటి ఎలక్ట్రాన్లకు ఇచ్చిన భాగమే మన లెక్కలో జమ.

పైకి వెళ్ళేకొద్దీ తటస్థ వాయువు పలచబడుతుంది. అక్కడ పుట్టినవీ, కింది నుంచి పైకి వచ్చినవీ అయిన ఫోటోఎలక్ట్రాన్లు భూమి అయస్కాంత బలరేఖల వెంట చాలా దూరం పోగలవు. కాబట్టి ఒక చోట పుట్టిన శక్తి ఇంకోచోట జమ అవుతుంది. ఈ విషయం తర్వాత అవసరం పడుతుంది.

ప్ర: అసలు ప్రశ్న: సాంద్రత పెరిగితే ఉష్ణోగ్రత ఎందుకు తగ్గుతుంది?

వచ్చిన వేడిని ఎక్కువ ఎలక్ట్రాన్లు పంచుకుంటాయి కాబట్టి అని చాలామంది చెప్తారు. అది సగం జవాబే. అసలు బలం ఖర్చు వైపు ఉంది.

ఎగువ భాగంలో ఎలక్ట్రాన్లు తమ వేడిని ఎక్కువగా అయాన్లకు ఇస్తాయి. ఒక ఘన సెంటీమీటరులో సెకనుకు ఎంత వేడి అలా పోతుందనేది ఎలక్ట్రాన్ల సంఖ్య, అయాన్ల సంఖ్య, రెండింటి ఉష్ణోగ్రతల తేడా మీద ఆధారపడుతుంది. ప్లాస్మాలో, అంటే ఇలా అయాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వాయువులో, ఎలక్ట్రాన్లు ఎన్నో అయాన్లూ అన్నే. అంటే ఖర్చు సాంద్రత వర్గంతో పెరుగుతుంది. ఇంకో మెలిక కూడా ఉంది: ఎలక్ట్రాన్ ఎంత వేడెక్కితే అంత వేగంగా అయాన్ పక్కనుంచి దూసుకుపోతుంది, శక్తి అందించే వ్యవధి తగ్గుతుంది. అందుకని మొత్తాన్ని ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత ఒకటిన్నర ఘాతంతో భాగించాలి.

ఒకసారి లెక్క వేసి చూద్దాం. అయాన్ల ఉష్ణోగ్రత 1000 కెల్విన్ల దగ్గర కదలకుండా ఉందనుకుందాం, ఎలక్ట్రాన్లది 2000. ఇప్పుడు వచ్చే వేడి మారకుండా సాంద్రత మాత్రం రెట్టింపయితే ఖర్చు దారి నాలుగు రెట్లు తెరుచుకుంటుంది. జమ, ఖర్చు మళ్ళీ సమానం కావాలంటే ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత 1100 కెల్విన్లకు పడిపోవాలి. అంటే 1000 కెల్విన్ల తేడా 100కి దిగింది.

అయితే సాంద్రతతో పాటు వేడి కూడా రెట్టింపయిందనుకోండి. అప్పుడు ఒక్కో ఎలక్ట్రాన్ వాటాకు వచ్చే వేడి ఏమీ తగ్గలేదు. అయినా ఉష్ణోగ్రత 1250 దగ్గర ఆగుతుంది. పంచుకోవడం ఒక్కటే కారణమైతే ఇక్కడ ఉష్ణోగ్రత మారకూడదు. ఖర్చు వర్గంతో పెరుగుతుంది కాబట్టే మారింది. విలోమ సంబంధం ఇంత గట్టిగా కనిపించడానికి కారణం ఇదే.

నిజమైన అయనోస్ఫియర్‌లో వేడి ఇంకా వేరే దారుల్లో కూడా పోతుంది కాబట్టి ఈ అంకెలను యథాతథంగా తీసుకోకండి. మొగ్గు ఎటో చూపడానికి మాత్రమే.

ప్ర: ఆ లెక్క ప్రకారం సాంద్రత బాగా తగ్గితే ఉష్ణోగ్రత ఎంతదాకా పెరుగుతుంది?

ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. మామూలుగా వస్తువు వేడెక్కేకొద్దీ వేడిని ఎక్కువగా కోల్పోతుంది. ఎలక్ట్రాన్లు మాత్రం అయాన్లకు ఇచ్చే వేడి ఒక హద్దు వరకే పెరుగుతుంది. ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత అయాన్ ఉష్ణోగ్రతకు మూడు రెట్లు అయ్యేసరికి అది గరిష్ఠం. ఆ పైన వేగం వల్ల వచ్చే నష్టం ఉష్ణోగ్రత తేడా వల్ల వచ్చే లాభాన్ని మించిపోతుంది, వేడెక్కేకొద్దీ చల్లబడే శక్తి తగ్గుతుంది. అయాన్లు 1000 దగ్గర ఉంటే ఈ హద్దు 3000. దాన్ని దాటాక వేడి తగ్గించే పని అయాన్ల చేతిలో ఉండదు.

మరి ఉష్ణోగ్రత అదుపు తప్పి పెరిగిపోదా అంటే, అప్పుడు ఉష్ణవహనం అందుకుంటుంది. ఎలక్ట్రాన్ వాయువు ఉష్ణవాహకత్వం ఉష్ణోగ్రత రెండున్నర ఘాతంతో పెరుగుతుంది. ఉష్ణోగ్రత రెట్టింపయితే వాహకత్వం అయిదున్నర రెట్లకు పైగా అవుతుంది. బలరేఖ వెంట వేడి కిందికి, తటస్థ వాయువు దట్టంగా ఉన్న వైపు జారిపోతుంది. బాగా ఎత్తున, సాంద్రత తక్కువగా ఉన్న చోట ఉష్ణోగ్రతను నిర్ణయించేది ప్రధానంగా ఈ వహనమే. కాబట్టి అంత ఎత్తులో ఆ చోటి సాంద్రత ఒక్కటే చూసి ఉష్ణోగ్రత ఊహించడం కుదరదు. బలరేఖ మొత్తాన్ని చూడాలి.

ప్ర: విలోమ సంబంధం స్పష్టంగా ఎప్పుడు కనిపిస్తుంది?

తెల్లవారుజామున, తక్కువ అక్షాంశాల మీద. నన్నడిగితే మొత్తం విషయంలో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

రాత్రంతా ఎలక్ట్రాన్లు అయాన్లతో కలిసిపోతూ తగ్గిపోతాయి. సూర్యోదయానికి సాంద్రత బాగా పడిపోయి ఉంటుంది. ఆ ఎత్తులో సూర్యకిరణం నేల కంటే ముందే పడుతుంది, ఫోటోఎలక్ట్రాన్లు పుట్టుకొస్తాయి. వేడి వచ్చేసింది, తీసుకోవడానికి ఎలక్ట్రాన్లు ఇంకా పోగుపడలేదు. ఉష్ణోగ్రత ఒక్కసారిగా పైకి లేస్తుంది. 500, 600 కిలోమీటర్ల ఎత్తులో గంట, రెండు గంటల్లోనే 3000 కెల్విన్లు దాటడం మామూలే, ఒక్కోసారి ఇంకా చాలా పైకి పోతుంది. తర్వాత ఎలక్ట్రాన్లు పేరుకునేకొద్దీ ఉష్ణోగ్రత దిగొస్తుంది. మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతున్నప్పుడు, అది ఉదయం కంటే తక్కువగా ఉంటుంది. మొదటిసారి ఈ గ్రాఫ్ చూసినవాళ్ళు గడియారం తప్పు పెట్టారేమో అనుకుంటారు. 1994లో భారత్ ప్రయోగించిన స్రాస్-సి2 ఉపగ్రహం డేటాలో కూడా ఈ ఉదయపు పెరుగుదల బాగా కనిపిస్తుంది.

సాయంత్రం చిన్నపాటి రెండో పెరుగుదల కూడా చాలాచోట్ల ఉంటుంది, కానీ ఉదయం అంత గట్టిగా కాదు.

ప్ర: రాత్రిపూట ఏమవుతుంది?

ఎక్కువ చోట్ల చెప్పుకోదగ్గదేమీ జరగదు. ఫోటోఎలక్ట్రాన్లు లేవు, జమ ఆగిపోయింది, కాబట్టి ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత అయాన్ల దగ్గరికి, తటస్థ వాయువు దగ్గరికి దిగిపోతుంది. అప్పుడు సాంద్రత పెరిగినా తగ్గినా ఉష్ణోగ్రత పెద్దగా స్పందించదు.

రెండు మినహాయింపులు మాత్రం చెప్పాలి. ఒకటి, బలరేఖ రెండో కొన వేరే అర్ధగోళంలో ఉంటుంది. శీతాకాలంలో ఇక్కడ ఇంకా చీకటిగా ఉన్నప్పుడే అక్కడ తెల్లవారవచ్చు. అక్కడ పుట్టిన ఫోటోఎలక్ట్రాన్లు బలరేఖ పట్టుకుని వేల కిలోమీటర్లు వచ్చి ఇక్కడి ఎలక్ట్రాన్లను వేడెక్కిస్తాయి. ప్యూర్టోరికోలోని అరెసిబో రాడార్ ఈ సూర్యోదయ పూర్వపు వేడిని 1960లలోనే పట్టుకుంది.

రెండోది, ధ్రువకాంతి మండలానికి కొంచెం భూమధ్యరేఖ వైపున ఉండే సాంద్రత లోయ. అయస్కాంత తుఫానుల సమయంలో, అంటే సూర్యుడి నుంచి వచ్చే అలజడికి భూమి అయస్కాంత క్షేత్రం కుదుపుకు లోనైనప్పుడు, భూమి చుట్టూ ఉండే వలయ విద్యుత్ ప్రవాహం నుంచి వేడి బలరేఖల మీదుగా ఈ లోయలోకి దిగుతుంది. అక్కడ ఎలక్ట్రాన్లు తక్కువ కాబట్టి ఉష్ణోగ్రత బాగా పెరుగుతుంది. వేడెక్కిన ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ పరమాణువులను ఉత్తేజపరిస్తే 630 నానోమీటర్ల ఎర్రటి కాంతి వస్తుంది. ఈ స్థిరమైన ఎర్ర చాపాన్ని 1956లో ఫ్రాన్స్ నుంచి బార్బియే గుర్తించాడు. మామూలుగా కంటికి ఆనదు, పరికరాలకు తెలుస్తుంది.

ప్ర: సాంద్రత, ఉష్ణోగ్రత కలిసి పెరిగే సందర్భాలు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. 1981లో జపాన్ ప్రయోగించిన హినోటోరి ఉపగ్రహం ప్రధానంగా సౌరజ్వాలలను చూడడానికి వెళ్ళింది, కానీ సుమారు 600 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ ఎలక్ట్రాన్ సాంద్రతను, ఉష్ణోగ్రతను కూడా కొలిచింది. ఆ పగటి డేటాను పోగేసి చూస్తే, సాంద్రత పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత మొదట తగ్గుతూ వస్తుంది. ఘన సెంటీమీటరుకు సుమారు 10 లక్షల ఎలక్ట్రాన్లు దాటాక మాత్రం వంపు తిరిగి పైకి లేస్తుంది. విలోమం కాస్తా అనులోమం అయింది.

ఎందుకు? మొదట, తగ్గుదల ఆగిపోవడం సులభంగానే అర్థమవుతుంది. పైన చేసిన లెక్కలో ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత అయాన్ల 1000 కెల్విన్లకు దగ్గరవుతుందే గానీ దాన్ని దాటి కిందికి పోదు. సాంద్రత చాలా ఎక్కువగా ఉంటే ఎలక్ట్రాన్లు, అయాన్లు, తటస్థ వాయువు దాదాపు ఒకే ఉష్ణోగ్రతకు కట్టుబడి ఉంటాయి. ఇక ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత మారాలంటే ఆ కింది హద్దే మారాలి. సూర్యుడు చురుగ్గా ఉన్న రోజుల్లో ఆ హద్దు పెరుగుతుంది, సాంద్రత కూడా పెరుగుతుంది. అప్పుడు రెండూ కలిసి పెరిగినట్టు కనిపిస్తాయి.

కానీ తిరిగి పైకి లేవడాన్నంతా ఈ ఒక్క కారణం మీద వేయడం నాకు సబబుగా అనిపించదు. ఇంకోవైపు జమ కూడా చూడాలి. బలరేఖ పొడవునా ఎలక్ట్రాన్లు దట్టంగా ఉంటే, మామూలుగా తప్పించుకుని అవతలి అర్ధగోళానికి పోయే ఫోటోఎలక్ట్రాన్లు దారిలోనే ఎక్కువ శక్తి వదిలేస్తాయి. అంటే సాంద్రత పెరగడమే వేడి జమను కూడా పెంచుతుంది. ఉపగ్రహం ఒక బిందువు దగ్గర కొలుస్తుంది, వేడి లెక్క మాత్రం బలరేఖ మొత్తం మీద నడుస్తుంది.

ప్ర: గ్రహణం రోజు రెండూ తగ్గుతాయంటారు. ఇది విలోమ సంబంధానికి విరుద్ధం కాదా?

కాదు. గ్రహణంలో జమ కోతపడుతుంది. చంద్రుడు అతినీలలోహిత కిరణాలను అడ్డుకోగానే ఫోటోఎలక్ట్రాన్లు తగ్గుతాయి, ఎలక్ట్రాన్లు నిమిషాల్లోనే చల్లబడతాయి. సాంద్రత కూడా తగ్గుతుంది, కాకపోతే ఎఫ్2 ఎత్తుల్లో అయాన్లు ఎలక్ట్రాన్లతో కలిసిపోవడానికి గంట లెక్కన సమయం పడుతుంది కాబట్టి అది వెనకబడుతుంది. 2017 ఆగస్టు 21 నాటి గ్రహణంలో అమెరికాలోని మిల్‌స్టోన్ హిల్ రాడార్ ఈ రెండు తగ్గుదలలనూ నమోదు చేసింది. సూర్యుడు మారకుండా సాంద్రత మారితే ఒక కథ, సూర్యుడే మారితే ఇంకో కథ.

ప్ర: అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర లెక్క వేరుగా ఉంటుందా?

ఉంటుంది. అక్కడ బలరేఖలు అడ్డంగా పడుకుని ఉంటాయి. ఎలక్ట్రాన్ల వేడి బలరేఖల వెంటే పోగలదు, అడ్డంగా దాటలేదు. కాబట్టి పైనున్న వేడి నిట్టనిలువుగా కిందికి రాలేదు. పెరూలో, అయస్కాంత భూమధ్యరేఖ మీదున్న హికామార్కా రాడార్ పగటి డేటాలో, సాంద్రత శిఖరం చుట్టుపక్కల ఎలక్ట్రాన్, అయాన్ ఉష్ణోగ్రతలు దాదాపు ఒకటే. మళ్ళీ బాగా పైకి పోయాక విడిపోతాయి. మధ్య అక్షాంశాల్లో బలరేఖలు వాలుగా ఉంటాయి కాబట్టి శిఖరం పైన ఉష్ణోగ్రత ఎత్తుతో పాటు నిలకడగా పెరుగుతూ పోతుంది.

ఇంకా, పగలు భూమధ్యరేఖ దగ్గర ప్లాస్మా పైకి లేచి, రెండు వైపులా 15 డిగ్రీల అయస్కాంత అక్షాంశం దగ్గర దిగి, అక్కడ రెండు సాంద్రత శిఖరాలు కడుతుంది. సాంద్రత, ఉష్ణోగ్రతల పోలికలో అక్షాంశాన్ని పట్టించుకోకపోతే ఇవన్నీ ఒకే రాశిలో కలిసిపోతాయి.

ప్ర: సౌరచక్రంతో, అయస్కాంత తుఫానులతో ఈ సంబంధం ఎలా మారుతుంది?

సూర్యుడి చురుకుదనానికి కొలమానంగా 10.7 సెంటీమీటర్ల రేడియో ప్రవాహాన్ని వాడతారు. మందకొడి ఏళ్ళలో అది 70 దగ్గర, చురుకైన ఏళ్ళలో 200 పైన ఉంటుంది. అది పెరిగితే వేడి పెరుగుతుంది, సాంద్రతా పెరుగుతుంది, రెండూ ఉష్ణోగ్రతను చెరోవైపు లాగుతాయి. అందుకే తటస్థ వాయువు, అయాన్ల ఉష్ణోగ్రతలు సౌరచక్రంతో స్పష్టంగా పెరిగినా, పగటి ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత మాత్రం ఒక చోట కొంచెం పెరిగి, ఇంకో చోట కొంచెం తగ్గి, ఊరిస్తూ ఉంటుంది.

తుఫానుల సమయంలో మధ్య అక్షాంశాలకు నైట్రోజన్ పాలు ఎక్కువైన గాలి వస్తే ఆక్సిజన్ అయాన్లు త్వరగా ఖర్చవుతాయి, సాంద్రత పడిపోతుంది. ఎండ మామూలుగానే ఉంది కాబట్టి ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఇది పాఠ్యపుస్తకం చెప్పినట్టే నడుస్తుంది.

ప్ర: సాంద్రతే ఉష్ణోగ్రతను మారుస్తుందా? ఉష్ణోగ్రత సాంద్రతను మార్చదా?

మారుస్తుంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. శిఖరం పైన ప్లాస్మా గురుత్వానికి, పీడనానికి మధ్య సర్దుకుని ఉంటుంది. ఎంత ఎత్తుకు పోతే సాంద్రత సుమారు 2.7వ వంతుకు దిగుతుందో ఆ దూరం, ఎలక్ట్రాన్, అయాన్ ఉష్ణోగ్రతల మొత్తం మీద ఆధారపడుతుంది. ఆక్సిజన్ అయాన్లకు, 500 కిలోమీటర్ల దరిదాపుల్లో, రెండూ 1000 కెల్విన్లుంటే ఆ దూరం సుమారు 120 కిలోమీటర్లు. ఎలక్ట్రాన్లు 2000 అయితే సుమారు 180. శిఖరం నుంచి 300 కిలోమీటర్లు పైకి పోతే మొదటి సందర్భంలో సాంద్రత 8 శాతం మిగులుతుంది, రెండో సందర్భంలో 19 శాతం.

అంటే శిఖరం దగ్గర ఒకే సాంద్రత ఉన్న రెండు రోజుల్లో, వేడి ఎక్కువున్న రోజు పైన సాంద్రత రెట్టింపు కంటే ఎక్కువ. ఒకే ఎత్తులో కొలిచే ఉపగ్రహానికి ఇది అనులోమ సంబంధంలా కనిపిస్తుంది. శక్తిమంతమైన రేడియో తరంగాలతో అయనోస్ఫియర్‌ను కావాలని వేడిచేసే ప్రయోగాల్లో కూడా ఇదే దారి తెలుస్తుంది: ఎలక్ట్రాన్లు వేడెక్కిన చోట పీడనం పెరిగి, ప్లాస్మా బలరేఖల వెంట బయటికి జరుగుతుంది. అలాస్కాలోని హార్ప్, నార్వేలోని ట్రోమ్సో దగ్గరి కేంద్రం ఇలాంటి పనికి పేరుపడ్డవి.

ప్ర: వీటిని ఎలా కొలుస్తారు? అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు?

ఉపగ్రహాల్లో లాంగ్‌మ్యూర్ ప్రోబ్ వాడతారు. ప్లాస్మాలో చిన్న లోహపు కడ్డీనో గోళాన్నో ఉంచి, వోల్టేజి మారుస్తూ విద్యుత్ ప్రవాహం ఎలా మారుతుందో చూస్తారు. ప్రవాహం ఎంత నిటారుగా పెరుగుతుందన్నది ఉష్ణోగ్రతను చెప్తుంది, ఎంత ప్రవాహం వస్తుందన్నది సాంద్రతను. లోహం మీద మురికి పొర చేరితే ఉష్ణోగ్రత ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, ఇది పాత తలనొప్పే. హినోటోరిలో సాంద్రతకు, ఉష్ణోగ్రతకు వేర్వేరు పరికరాలు ఉండేవి. సంబంధం వెతికేవాళ్ళకు అది పెద్ద ఊరట, ఎందుకంటే ఒకే పరికరం పొరపాటు రెండు అంకెల్లోకీ పాకితే లేని సంబంధం పుట్టుకొస్తుంది.

నేల మీది రాడార్లకూ ఈ ఇబ్బంది ఉంది. 1958లో విలియం గోర్డన్ ఎలక్ట్రాన్ల నుంచి చెదిరి వచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనిని పట్టుకోవచ్చని ప్రతిపాదించాడు, అదే ఏడాది కెన్నెత్ బౌల్స్ దాన్ని పట్టి చూపించాడు. ఎలక్ట్రాన్ల వేగాలకు తగ్గట్టు ఆ ప్రతిధ్వని పౌనఃపున్యంలో చాలా వెడల్పుగా ఉంటుందని అనుకున్నారు, తీరా చూస్తే అయాన్ల కదలికకు సరిపడేంత సన్నగా వచ్చింది. ఆ ఆకారం నుంచే రెండు ఉష్ణోగ్రతలూ తెలుస్తాయి. అయితే ప్రతిధ్వని బలం సాంద్రత ఒక్కదాని మీద ఆధారపడదు. ఎలక్ట్రాన్, అయాన్ ఉష్ణోగ్రతలు సమానమైతే సగం, ఎలక్ట్రాన్లు రెట్టింపు వేడిగా ఉంటే మూడో వంతు బలమే వస్తుంది. ఈ దిద్దుబాటులో ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతను పొరపాటున ఎక్కువ వేసుకుంటే సాంద్రత కూడా ఎక్కువ తేలుతుంది. గ్రాఫ్ మీద అదొక అందమైన అనులోమ సంబంధంలా ఉంటుంది, ఆకాశంలో మాత్రం ఉండదు.

ప్ర: భూకంపాలకు ముందు ఈ రెండూ మారతాయట కదా?

ఫ్రాన్స్ 2004లో డిమీటర్ ఉపగ్రహాన్ని, చైనా 2018లో సీఎస్ఈఎస్ ఉపగ్రహాన్ని ఈ ప్రశ్నతోనే పంపాయి. భూకంపాలకు ముందు అసాధారణ మార్పులు చూశామన్న వ్యాసాలు చాలా ఉన్నాయి. కానీ వాటి ఆధారంగా నమ్మకంగా ముందే హెచ్చరించగలిగే పద్ధతి ఇప్పటికీ లేదు. సూర్యుడు, తుఫానులు, కింది వాతావరణం నుంచి వచ్చే అలలు రోజూ తెచ్చే మార్పులే చాలా పెద్దవి. వాటిని తీసేయకుండా చూపించే గ్రాఫ్‌ను అనుమానంతోనే చూడండి.

ప్ర: జీపీఎస్‌కి ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతతో పని ఉందా?

నేరుగా లేదు. సిగ్నల్ ఆలస్యం దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయన్న దానిమీదే ఆధారపడుతుంది. కానీ ఆ ఎలక్ట్రాన్లలో చాలా భాగం శిఖరం పైన ఉంటుంది, అక్కడ ఎంత ఉందన్నది ఉష్ణోగ్రత నిర్ణయిస్తుంది.

ప్ర: డేటా తీసుకుని నేనే గ్రాఫ్ గీసి చూడాలంటే ఎలా మొదలుపెట్టాలి?

యూరప్ అంతరిక్ష సంస్థ 2013లో ప్రయోగించిన స్వార్మ్ ఉపగ్రహాల లాంగ్‌మ్యూర్ ప్రోబ్ డేటా ఉచితంగా దొరుకుతుంది. సాంద్రత అడ్డంగా, ఉష్ణోగ్రత నిలువుగా పెట్టి అన్ని బిందువులూ ఒకేసారి వేస్తే మసకబారిన మబ్బు తప్ప ఏమీ కనిపించదు. ముందు పగలు, రాత్రి విడదీయండి. తర్వాత అయస్కాంత అక్షాంశాన్ని పది డిగ్రీల చొప్పున ముక్కలు చేయండి. భౌగోళిక అక్షాంశం వాడితే బలరేఖల లెక్క కలగాపులగం అవుతుంది. ఏడాదంతా కలపకుండా, 10.7 సెంటీమీటర్ల ప్రవాహం దాదాపు ఒకేలా ఉన్న రోజులు తీసుకోండి, తుఫాను రోజులు పక్కన పెట్టండి. సాంద్రతను లాగరిథమ్ స్కేలు మీద వేయండి, లేకపోతే తక్కువ సాంద్రత బిందువులన్నీ ఎడమ అంచున ఇరుక్కుంటాయి.

చివరగా బిందువులకు స్థానిక సమయాన్ని బట్టి రంగు వేయండి. ఉదయం అయిదు, ఏడు గంటల మధ్యవి ఎడమవైపు పైన గుంపుగా చేరతాయి. ఒకసారి ఆ గుంపును తీసేసి సహసంబంధ గుణకాన్ని మళ్ళీ లెక్కించండి. విలోమ సంబంధంలో ఎంత భాగం ఆ రెండు గంటలదో, ఎంత భాగం మిగతా పగటిదో విడిగా తేలుతుంది.